వెవే ద్రాక్షసాగుదారుల పండుగ: పన్నెండు సార్లే జరిగిన వేడుకకు మూడున్నర శతాబ్దాల చరిత్ర ఎక్కడిది?

స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో జరిగే ‘ఫెత్ దే విన్యెరాన్’, అంటే ద్రాక్షసాగుదారుల పండుగ, గురించి మీరు నాలుగు సంగతులు అడిగారు. ఒకచోట 1647 నుంచి ఉందని, మరొకచోట 1797 నుంచి పన్నెండు సార్లు మాత్రమే జరిగిందని చదివాను, ఏది నిజం అన్నది మొదటిది. ఇరవై ఏళ్లకోసారి ఎందుకు జరుపుతారు, ఇది అసలు వైన్ పండుగేనా అన్నవి తర్వాతివి. ద్రాక్షతోటల పండుగలో ఆవుల కాపరుల పాటకు అంత పెద్దపీట ఎందుకు అన్నది చివరిది. ఈ పండుగ చరిత్రను నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. తొలిరోజుల్లో ఈ రెండు తేదీల దగ్గరే నేనూ తికమకపడ్డాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబితే మిగిలినవి సులువవుతాయి. దీన్ని వైన్ పండుగ అని పిలవడం నాకు అంతగా నచ్చదు. కొత్త వైన్ రుచి చూడడానికో, అమ్ముకోవడానికో పుట్టిన వేడుకలు యూరప్‌లో ఎన్నో ఉన్నాయి. వెవే పండుగ పుట్టింది తోటపని తనిఖీలోంచి. ఎవరి తోటలో కత్తిరింపు బాగుంది, ఎవరు కలుపు వదిలేశారు, ఎవరి రాతిగోడ కూలిపోతున్నా పట్టించుకోలేదు అని ఒక సంఘం తిరిగి చూసి, లెక్క రాసి, బాగా పనిచేసినవారిని నలుగురిలో మెచ్చుకునే ఆనవాయితీ అక్కడ ఉండేది. ఆ మెచ్చుకోలు చుట్టూ ఊరేగింపు చేరింది, ఊరేగింపు చుట్టూ వేషాలు చేరాయి, వేషాల చుట్టూ సంగీతమూ వేలమంది పట్టే రంగస్థలమూ చేరాయి. పాత్రధారులు వేలకు చేరిన తర్వాత కూడా ఈ పండుగలో మధ్య ఘట్టం మంచి పనివారికి కిరీటం పెట్టడమే.

ఆ నేల ఎలాంటిదో తెలిస్తే ఇంత పట్టుగా తనిఖీ ఎందుకు చేసేవారో అర్థమవుతుంది. వెవే పట్టణం వో క్యాంటన్‌లో, అంటే వో అనే స్విస్ రాష్ట్రంలో, లెమాన్ (జెనీవా) సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉంది. దానికి పడమరగా లోజాన్ వైపు సాగే ఏటవాలు కొండచరియ పేరు లావో. 12వ శతాబ్దంలో సిస్టర్సియన్ అనే కాథలిక్ శాఖకు చెందిన సన్యాసులు ఆ చరియను మెట్లుమెట్లుగా చదును చేసి, రాతిగోడలు కట్టి, ద్రాక్ష నాటడం మొదలుపెట్టారు. అక్కడ ముఖ్యంగా పండేది షాస్లా అనే తెల్లద్రాక్ష. ఆ తోటలకు మూడు సూర్యుళ్లని అక్కడివారు అంటారు: ఆకాశంలో ఉన్నది ఒకటి, సరస్సు నీటిమీద మెరిసి వెనక్కి తగిలేది రెండోది, పగలంతా వేడెక్కి రాత్రికి ఆ వేడిని వదిలే రాతిగోడలు మూడోది. వినడానికి బాగుంటుంది గాని, ఆ మూడో సూర్యుణ్ని నిలబెట్టి ఉంచడానికి ఒళ్లు హూనమయ్యేంత చాకిరీ చేయాలి. వానకు పై మెట్టు మట్టి కింది మెట్టు మీదికి జారిపోతుంది. చలికాలంలో ఆ మట్టిని తవ్వి, వీపున కట్టుకునే గంపల్లోకి ఎత్తి, ఇరుకు రాతిమెట్ల మీదుగా మోసుకెళ్లి మళ్లీ పై మడిలో పోయడం అక్కడి పనివారికి ఏటా తప్పని పని. నాగలి తిరిగే వీలు లేని చోట ప్రతి మొక్క దగ్గరికీ మనిషే వెళ్లాలి.

ఇక్కడే పండుగ చరిత్రలో అందరూ దాటేసే కీలకమైన సంగతి ఉంది. తోట ఒకరిది, చాకిరీ మరొకరిది. యజమానుల్లో చాలామంది పట్టణంలో ఉండే కలిగినవారు. తోటను ఏడాది పొడవునా చూసేవారిని ‘తాష్‌రాన్’లు అంటారు, అంటే ఇంత విస్తీర్ణం తోట పనిని ఇంత మొత్తానికి గుత్తకు ఒప్పుకుని చేసేవారు. గుత్తపని కనుక, చూసేవారు లేకపోతే పని పలచబడుతుందన్న భయం యజమానికి ఎప్పుడూ ఉండేది. ద్రాక్షతీగను ఒక ఏడాది తప్పుగా కత్తిరిస్తే ఆ నష్టం ఆ ఏటి పంటతో ఆగదు, మొక్క ఆకృతే చెడి తర్వాతి ఏళ్ల కాపు మీద కూడా పడుతుంది. అందుకని యజమానులు ఒక సంఘంగా ఏర్పడి, నిపుణులను తోటలకు పంపి, ఎవరి పని ఎలా ఉందో తనిఖీ చేయించేవారు. పండుగను నడిపే ‘కాన్‌ఫ్రెరి దే విన్యెరాన్’, అంటే ద్రాక్షసాగుదారుల సంఘం, మూలం ఇదే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ సంఘానికి సంబంధించి మనకు మిగిలిన దస్త్రాల్లో అన్నిటికన్నా పాతది 1647 నాటిది. కాబట్టి 1647 అన్నది సంఘానికి దొరికిన తొలి ఆధారం తేదీయే తప్ప పండుగ తేదీ కాదు. సంఘం పుట్టిన తేదీ అని కూడా దాన్ని అనకూడదు, ఎందుకంటే దస్త్రం మిగలడం వేరు, సంఘం మొదలవడం వేరు. పాత రోజుల్లో దీన్ని వ్యవసాయ ‘అబేయీ’ అని, సెయింట్ అర్బన్ ‘అబేయీ’ అని పిలిచేవారు. అధ్యక్షుణ్ని ఇప్పటికీ ‘అబే’ అనే అంటారు. ఈ మాటలకు మఠం, మఠాధిపతి అని అర్థం కనుక ఇది సన్యాసుల సంఘమని కొందరు రాస్తుంటారు, అది పొరపాటు. వో ప్రాంతంలో తుపాకీ గురి పోటీలు జరిపే ఊరి సంఘాలను కూడా ‘అబేయీ’ అనే పిలుస్తారు, అక్కడ ఆ మాటకు సంఘం అనే అర్థం స్థిరపడింది. పైగా 1536లో బెర్న్ నగర రాజ్యం వో ప్రాంతాన్ని జయించి ప్రొటెస్టెంట్ మతాన్ని అమలు చేశాక అక్కడ మఠాలే మిగల్లేదు. అయినా ద్రాక్షసాగుదారులకు రక్షకుడైన సెయింట్ అర్బన్ పేరు మాత్రం సంఘంతోపాటు నిలిచిపోయింది. ‘ప్రార్థించు, శ్రమించు’ అనే అర్థమున్న ‘ఓరా ఎత్ లబోరా’ అనే లాటిన్ మాట సంఘం నినాదం. అందులో రెండో మాటకే వారు ఎక్కువ విలువ ఇచ్చారని నా అభిప్రాయం.

17వ శతాబ్దంలో సంఘ సభ్యులు సమావేశమై, లెక్కలు చూసుకుని, పట్టణ వీధుల్లో పనిముట్లతో నడిచి, చివరికి విందు చేసుకునేవారు. అదే తొలి ఊరేగింపు. 18వ శతాబ్దంలో ఆ ఊరేగింపులోకి వేషాలు వచ్చాయి. ద్రాక్షకూ వైన్‌కూ రోమన్ దేవుడైన బాకస్ వేషం వేసిన కుర్రవాడు, తర్వాత పంటల దేవత సెరీస్, ఆ తర్వాత పశువుల కాపరుల దేవత పేలీస్ చేరారు. విగ్రహాలను సహించని ప్రొటెస్టెంట్ నేల మీద అన్యదేవతలు ఎలా ఊరేగారని మీకు అనుమానం రావచ్చు. ఆ దేవతలను ఎవరూ కొలవలేదు కనుకే వారికి చోటు దొరికిందని నేను అనుకుంటాను. కాథలిక్ సాధువు బొమ్మ వీధిలోకి వస్తే అది మత వివాదం అవుతుంది, రోమన్ దేవుడి వేషం వస్తే అది చదువుకున్నవారి అలంకారం అవుతుంది. పైగా ఆ ముగ్గురూ సంవత్సరాన్ని పంచుకున్నారు: వసంతం పేలీస్‌ది, వేసవి సెరీస్‌ది, శరత్తు బాకస్‌ది. దేవత లేని నాలుగో రుతువైన శీతకాలంలోకి ఊరి పెళ్లివేడుక చేరింది. నాలుగు రుతువుల ఈ చట్రం రెండు శతాబ్దాలు కదలకుండా నిలిచింది.

1797కు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఆ ఏడు ఊరేగింపు ఆగింది. అంతవరకు చూసేవారు వీధిపక్కన నిలబడితే వేడుక వారిముందు నుంచి నడిచిపోయేది. 1797లో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద సంతమైదానంలో చెక్కలతో మెట్ల వరుసలు కట్టి, సుమారు రెండు వేలమంది కూర్చునే ఏర్పాటు చేసి, ఉత్తమ పనివారికి అందరి ఎదుటా కిరీటం పెట్టారు. ఊరేగింపు ప్రదర్శనగా మారిన ఆ ఘడియ నుంచే సంఘం తన పండుగలను లెక్కపెట్టుకుంటుంది. అప్పటి రాజకీయ వాతావరణాన్ని కూడా గుర్తుంచుకోవాలి. పక్కనే ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి ఎనిమిదేళ్లయింది, వో ప్రజల్లో బెర్న్ పాలన మీద అసంతృప్తి రగులుతోంది. అలాంటి సమయంలో భూమిలేని గుత్తపనివాడి తలమీద ఊరందరి ముందు కిరీటం పెట్టడం మామూలు విషయం కాదు. కొందరు దీన్ని విప్లవ సంకేతంగా చూస్తారు. నేను అంతదూరం వెళ్లను, ఎందుకంటే కిరీటం పెట్టిన చేతులు యజమానులవే, ఆ పనివాడి గుత్త షరతులు మర్నాడు మారినదేమీ లేదు. మరుసటి ఏడు జనవరిలో మాత్రం బెర్న్ పాలనే పోయింది. 1803లో వో స్విస్ సమాఖ్యలో సొంత క్యాంటన్ అయింది.

1797 నుంచి లెక్కపెడితే పండుగ జరిగిన సంవత్సరాలు ఇవి: 1797, 1819, 1833, 1851, 1865, 1889, 1905, 1927, 1955, 1977, 1999, 2019. మొత్తం పన్నెండు. ఎడాలను లెక్కవేస్తే అతి తక్కువ 14 ఏళ్లు, అది రెండుసార్లు వచ్చింది, అతి ఎక్కువ 28 ఏళ్లు. అంటే ఇరవై ఏళ్లకోసారి అన్న నియమమేమీ లేదు. ఎప్పుడు జరపాలో సంఘమే నిర్ణయించుకుంటుంది. తరానికి ఒకసారి అన్నదే దాని వెనకున్న ఆలోచన, ఒక శతాబ్దంలో అయిదుకు మించదు. మొదటి ఎడం నెపోలియన్ యుద్ధాల కాలం, 1816 నాటి చలి వేసవి, దాని వెంట వచ్చిన తిండి కరువు, అన్నీ కలిసి పెంచింది. 1927కూ 1955కూ మధ్య ఆర్థిక మాంద్యమూ రెండో ప్రపంచయుద్ధమూ వచ్చాయి. మిగిలిన ఎడాలకు అసలు కారణం ఖర్చు, ఓపిక. చిన్న పట్టణం వేలమంది స్వచ్ఛంద పాత్రధారులను సమకూర్చి, బట్టలు కుట్టించి, పాటలు నేర్పించి, రంగస్థలం కట్టి, మళ్లీ విప్పేయాలంటే సన్నాహమే ఏళ్లు పడుతుంది. ఈ ఎడం వల్ల ఇంకొకటి జరిగింది. ప్రతి పండుగకూ కొత్త రచన, కొత్త సంగీతం, కొత్త దుస్తులు తయారవుతాయి. పాతదాన్ని మక్కికి మక్కి మళ్లీ ఆడరు. ఒక మనిషి జీవితంలో మూడో నాలుగో పండుగలు చూస్తాడు కనుక, చిన్నప్పుడు చూసినదానితో కొత్తదాన్ని పోల్చి పెదవి విరవడం కూడా ఆ సంప్రదాయంలో భాగమైపోయింది.

19వ శతాబ్దంలోని మార్పులను త్వరగా దాటేస్తాను. 1851, 1865 పండుగలకు ఫ్రాంస్వా గ్రాస్త్ సంగీతం కూర్చాడు. 1861లో సరస్సు వెంబడి రైలుమార్గం వచ్చాక దూరప్రాంతాల నుంచి ప్రేక్షకులు రావడం సులువైంది, 1865 పండుగకు ఫ్రెంచ్ రచయిత తెయోఫీల్ గోత్యే కూడా వచ్చాడు. 1889 పండుగకు హ్యూగో దె సెంజే సంగీతం. ఆ పండుగ నాటికి ద్రాక్షవేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు వో తోటల్లోకి వచ్చి మూడేళ్లే అయింది. బాకస్‌కు కిరీటాలు పెడుతున్న చేతులే తర్వాతి దశాబ్దాల్లో తీగలను పీకి, ఆ పురుగును తట్టుకునే అమెరికన్ ద్రాక్ష మొదళ్ల మీద అంటుకట్టి మళ్లీ నాటవలసి వచ్చింది.

1905 దగ్గర మాత్రం ఆగాలి. ఆ ఏడు రెనే మొరాక్స్ నాటక రచన చేశాడు, గుస్తావ్ దొరె సంగీతం కూర్చాడు, దుస్తులను రెనే సోదరుడు జాన్ మొరాక్స్ గీశాడు. అంతవరకు పండుగ అంటే వేషాల బృందాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, పాడి, ఆడి వెళ్లడమే. వీరు దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకే సూత్రం నడిపే నాటకంగా మలిచారు. ఆ అనుభవంతోనే మూడేళ్ల తర్వాత, 1908లో, మెజియేర్ అనే పల్లెలో చెక్కతో కట్టిన జొరా నాటకశాల మొదలైంది, అది ఇప్పటికీ నడుస్తోంది. 1927లో మళ్లీ దొరె సంగీతమే, దుస్తులూ రంగులూ చిత్రకారుడు ఎర్నెస్ట్ బియెలేవి. 1955లో కార్లో హెమెర్లింగ్, 1977లో జాన్ బలిసా సంగీతం కూర్చారు. 1999లో ఫ్రాంస్వా రోషే దర్శకత్వంలో దేవతల కన్నా ఎక్కువగా ఆర్లెవాన్ అనే సాగుదారుడి పాత్ర చుట్టూ కథ తిరిగింది. అప్పటి రంగస్థలంలో సుమారు 16,000 మంది కూర్చున్నారు.

2016 డిసెంబర్‌లో యునెస్కో ఈ పండుగను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోకి వెళ్లిన తొలి స్విస్ సంప్రదాయం ఇదే. లావో తోటలు అంతకుముందే, 2007లో, ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరాయి. రెండూ వేర్వేరు జాబితాలు, వాటిని కలిపేసి రాయడం తరచుగా కనిపిస్తుంది. ఆ గుర్తింపు తర్వాత వచ్చిన 2019 పండుగకు దానియెలె ఫిన్జి పాస్కా దర్శకుడు. 20,000 మంది పట్టే రంగస్థలం, వేలాది పాత్రధారులు, బొమ్మలు వెలిగే ఎల్‌ఈడీ నేల, దాదాపు 10 కోట్ల ఫ్రాంకుల బడ్జెట్. బాకస్, సెరీస్, పేలీస్ ఈసారి రాలేదు. వారి స్థానంలో ఒక చిన్నపిల్ల తన తాత చేయి పట్టుకుని తోటలో ఏడాది పనులను తెలుసుకుంటుంది. దేవతలను తీసేయడం తప్పని వాదించేవారున్నారు. ఆ దేవతలు వచ్చింది 18వ శతాబ్దంలోనే, సంఘం వారికన్నా పాతది కనుక, వారు లేకపోయినా పండుగ పండుగే అన్నది నా లెక్క. ఖర్చు విషయంలో మాత్రం విమర్శకుల మాటే సరైనది. టికెట్ల ధరలు ఎక్కువన్న గొడవ ముందునుంచీ ఉంది, చివరికి కోటి ఫ్రాంకులకు పైగా నష్టం మిగిలింది. తనిఖీల కోసం పుట్టిన సంఘానికి ఆ లెక్కలు సర్దుకోవడమే పెద్ద పని అయింది.

పండుగ లేని ఏళ్లలో సంఘం ఊరకే ఉంటుందని మాత్రం అనుకోకండి. నిపుణులు ఏటా విడతలుగా తోటలకు వెళ్లి తాష్‌రాన్‌ల పనికి మార్కులు వేస్తూనే ఉంటారు. కత్తిరింపులో కాపుకొమ్మకు ఎన్ని కన్నులు, అంటే చిగురు మొగ్గలు, వదిలారు, చిగుళ్లను ఎప్పుడు గిల్లారు, తీగను ఆసరాకు ఎలా కట్టారు, నేల ఎంత శుభ్రంగా ఉంది అన్నవి వారు చూసే సంగతులు. మూడేళ్లకోసారి ఆ మార్కుల ఆధారంగా పతకాలు ఇస్తారు. పెద్ద పండుగలో కిరీటాలు అందుకునేవారిని ఎంచేది కూడా ఈ మార్కులే. ఎవరి ముఖం చూసో, ఎవరి సిఫారసు వినో ఇచ్చే సన్మానం కాదు కనుకే తోటపని చేసేవారిలో దానికి ఇప్పటికీ విలువ ఉంది.

ఇక చివరి ప్రశ్న, ఆవుల కాపరుల పాట. దాని పేరు ‘రాన్ దె వాష్’. 1819 పండుగలో అది చోటు సంపాదించింది. అది ద్రాక్షసాగుదారుల పాట కాదు, వో పాట కూడా కాదు. పొరుగున ఉన్న ఫ్రైబూర్ క్యాంటన్‌లోని గ్రుయేర్ కొండల్లో వేసవి మేతకు ఆవులను తోలుకెళ్లే ‘ఆర్మయీ’లు పాలు పితికే వేళకు మందను పిలిచే కేక అది. ‘లియోబా, లియోబా, పోర్ ఆరియా’ అంటే ‘రండి, రండి, పాలు పితకాలి’ అని వారి యాసలో అర్థం. దాని కీర్తి పండుగకన్నా ముందుదే: ఈ బాణీ విన్న స్విస్ కిరాయి సైనికులు ఇంటిమీద బెంగతో ఏడ్చి కొలువు వదిలి పారిపోయేవారని, అందుకే సైన్యంలో దాన్ని వాయించడాన్ని నిషేధించారని 18వ శతాబ్దపు రచయిత రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. వెవేకు అది రావడానికి వర్తకమే దారి వేసింది. గ్రుయేర్ జున్ను కొండదిగి వెవే సంతకు వచ్చి, అక్కడ పడవలెక్కి, సరస్సు మీదుగా జెనీవాకూ, అక్కడినుంచి ఫ్రాన్స్‌లోని లియోన్‌కూ వెళ్లేది. కాపరీ సాగుదారుడూ ఒకే మైదానంలో సరుకు దింపుకునేవారు. గ్రుయేర్ కాథలిక్ సీమ, వెవే ప్రొటెస్టెంట్ పట్టణం. అయినా పండుగలో ఆ పాట పాడడానికి ఆ కొండల గొంతునే పిలిపించారు.

1977లో ఆ పాట పాడిన బెర్నార్ రొమనెన్స్ పేరు అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. భారీ శరీరం, గడ్డం, కాపరుల పొట్టిచేతుల చొక్కా, చేతిలో కర్ర. అతను ‘లియోబా’ అని సాగదీయగానే వేలమంది లేచి నిలబడి పల్లవి అందుకునేవారు. 1984లో అతను చిన్నవయసులోనే చనిపోయాడు. 2019లో ఆ పాటను ఒక్క గొంతుకు అప్పగించకుండా కాపరుల బృందం చేత పాడించారు. పల్లవి దగ్గర మాత్రం 20,000 మంది ఎప్పటిలాగే లేచి నిలబడ్డారు.